పెట్టె మూతలోని పటం

నంద్యాల, 4-12-1978

అక్కకు వందనాలు. ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం బాగున్నాం.

నిన్న పాతకాగితాల అంగడి మస్తానన్న నాకోసం ఒక పాత దేశపటం తీసిపెట్టాడు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, ఆ తర్వాత చేత్తో రంగులు పూసిన పటం. "సారొస్తాడని తడిగుడ్డతో బాగా తుడ్చి పెట్టినా" అన్నాడు సంబరంగా. చూస్తే సముద్రం నీలమంతా గుడ్డకే పోయింది. అయినా కొనుక్కొచ్చాను.

నీ ట్రంకుపెట్టె మూత లోపల నాయన అంటించిన పటమూ అలాంటిదే. క్రిస్మసుకు ఇంటికి సున్నం కొట్టించి, ఈసారి పెట్టె కూడా కడుగుతానని రాశావు. దానికి నీళ్ళచుక్క తగలనీయొద్దు. తడిచెయ్యి కూడా పెట్టొద్దు.

బావ దగ్గు తగ్గిందా? కృపావతి బడికి సరిగా పోతోందా?

శనివారం ఆళ్లగడ్డ బస్సెక్కుతాను. "ఇన్ని పటాలు యాడ పెట్టుకుంటావురా" అని నువ్వు తిట్టినా వెనక్కి తగ్గను. పటం ఊడివస్తే మంచిదే. రాకపోతే మూతతో సహా ఊడదీసి తెచ్చి, మా నడింట్లో గోడకు తగిలిస్తాను. నీ చీరలకు కొత్త పెట్టె నేనే మోసుకొస్తున్నాను.

పిల్లలకు దీవెనలు. మూత మాత్రం నాది.

తమ్ముడు,
దేవసహాయం