ఎడమ చెయ్యి లేస్తే ఎవరూ లేవొద్దు

సంఘపెద్ద బావగారికి,

మీ చీటీ అందింది. చెయ్యి కుదుటపడేదాకా చర్చిలో వాక్యం చెప్పొద్దన్నారు. అయినా చెబుతాను.

మెదడు లోపల ఎక్కడో సన్న నరం చిట్లిందనీ, అందుకే ఎడమ చెయ్యి దానంతటదే విసురుకుంటోందనీ డాక్టరమ్మ చెప్పింది. మీరేమో దెయ్యం అంటున్నారు. దెయ్యమే అయితే నేను వాక్యం ఎత్తగానే పారిపోదా? ఇది ఇంకా హుషారుగా ఊగుతోంది!

పోయిన ఆదివారం పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. నేను చెయ్యెత్తితే లేచి నిలబడటం మనవాళ్లకు ఇరవయ్యేళ్ల అలవాటు. పాపం, ఒక్క ప్రసంగంలో నలభైసార్లు లేచి కూర్చున్నారు. "అన్నయ్యా, దీనికన్నా ఉపవాసమే నయం, మోకాళ్లు అరిగిపోయాయి" అని బట్టలు కుట్టే చెల్లెమ్మ నవ్వింది. మీ ఇంట్లో మా అక్క కూడా నవ్వే ఉంటుంది. నవ్వనివ్వండి.

బైబిల్లో నిర్గమకాండం పదిహేడో అధ్యాయం తియ్యండి. యుద్ధం గెలవాలని కొండమీద చేతులెత్తిన మోషేకు ఆ చేతులు బరువెక్కితే ఆయన్ని కొండ దిగమనలేదు. చెరోపక్కా ఒకరు నిలబడి పట్టుకున్నారు. నాకు ఒక్క చేతికే మనిషి కావాలి.

ఈ ఆదివారం వస్తున్నాను. కుడిచెయ్యి ఎత్తితేనే లేవాలని అందరికీ ముందే చెప్పండి. మీరు నా ఎడమపక్క నిలబడండి, ఒకటో రెండో దెబ్బలు తగిలితే ఓర్చుకోండి. కాదూ, తలుపుకు తాళం వేస్తానంటారా, వీధిలో నిలబడి చెబుతాను. అక్కడైతే ఈ చెయ్యి ఎంత విసురుకున్నా బోలెడంత చోటుంది.

మీ బావమరిది