బండి కాడే ఉంటా

జూలై 7, ఆదివారం

కాలువకు నీళ్లు వదలగానే బాప్తిస్మాలు అని పాస్టర్ యేసుప్రసాద్ అనౌన్స్ చేశాడు. మా సంఘంలో నీళ్లు చల్లితే కుదరదు, నిండా మునగాలి. ఇప్పుడు ఆ కాలువలో మేకలు పడుకుంటున్నాయి. ఈసారన్నా మునుగుతావా అక్కా అని అందరి ముందూ అడిగాడు. చూద్దాం అన్నాను. నమ్మి మూడేళ్లయింది. మూడేళ్లుగా ఇదే జవాబు.

కారణం ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. ఓబుళేశు. మా ఆయన. ప్రతి ఆదివారం టీవీఎస్ మీద నన్ను మందిరం దాకా తెచ్చి దింపేవాడు. లోపలికి రమ్మంటే, నీ దేవునితో నువ్వు మాట్లాడుకోని రా, నేను బండి కాడే ఉంటా అనేవాడు. చివరి ఆమెన్ దాకా ఎండలో బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఉగాదికి ముందు పోయాడు. ఇప్పుడు నడిచి వెళ్తున్నా.

జూలై 10

పాస్టర్‌ను నేరుగా అడిగేశా, మా ఆయన ఇప్పుడు యాడ ఉన్నాడని. మందిరానికి రేకులు వేసిన రోజు నిచ్చెన పట్టుకున్నది ఆయనే కదా అని కూడా అన్నా. మంచి పనులతో రక్షణ రాదక్కా, నీకైనా నాకైనా, నమ్మితే కృపతో వచ్చేదే అన్నాడు యేసుప్రసాద్. యేసయ్య పక్క సిలువ మీది దొంగ ఆఖరి నిమిషంలో నమ్మి రక్షణ పొందినాడు, మీ ఆయన ఆఖరి నిమిషం మనకు తెల్దు కదా అన్నాడు.

నిజంగానే నాకు తెలియదు. కర్నూలు ఆసుపత్రిలో ఆ నిమిషానికి నేను కింద మందుల షాపు దగ్గర లైన్‌లో ఉన్నా.

కోపం వచ్చింది. నా మనసు కోసం ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది? ఆడలేదని గౌరవం కూడా కలిగింది.

జూలై 14

పరలోకంలో ఆయన లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి?

జూలై 28, ఆదివారం, సాయంత్రం

పొద్దున ప్రసంగం రెండో రాకడ గురించి. ప్రభువు వస్తాడు, తనవాళ్లను ఒక్క క్షణంలో ఎత్తుకుపోతాడు, మిగతావాళ్లు ఇక్కడే ఉండిపోతారు. విని, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నా.

లేచేసరికి వీధిలో చప్పుడే లేదు. మధ్యాహ్నం ప్రార్థన ఉంది కదా అని మందిరానికి పోయా. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది. చాప మీద బైబిళ్లు, గడప బయట చెప్పులు. మనిషి లేడు. మందిరం పక్కింటి చాంద్ బేగం ఒక్కతే అరుగు మీద కనిపించింది. వీళ్లంతా ఏరి అంటే, ఏమో అక్కా, నమాజు చేసుకోని ఇప్పుడే బయటికొచ్చినా, ఎవురూ కనపళ్లేదు అంది.

నాకు అర్థమైపోయింది. మావాళ్లు ఎత్తబడ్డారు. నేను మిగిలిపోయా.

నిజం రాస్తున్నా. ముందు భయం వేయలేదు. హమ్మయ్య, ఓబుళేశు ఉన్న వైపే ఉండిపోయాను అనుకున్నా. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. ఆసుపత్రి మెట్ల మీద ఏడ్చినట్టే ఏడ్చా. యేసయ్యా, నువ్వు కూడా చెప్పకుండా పోయావా అని. పాపం చాంద్ బేగం హడలిపోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

అంతలో యేసుప్రసాద్ మోకాళ్ల దాకా బురదతో పరుగెత్తుకొచ్చాడు. ఏంటికక్కా ఏడుస్తాండావు, కాలువకు నీళ్లొచ్చినాయి, జనమంతా ఆడనే ఉండారు అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారట.

జూలై 29

పాస్టర్‌కు మొత్తం చెప్పా. నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు. మునుగుతా అన్నా. యేసయ్య లేకుండా ఉండలేనని నిన్ననే తెలిసింది. ఓబుళేశును మర్చిపోలేనని ఎప్పుడో తెలుసు, దాన్నేం చేయాలి అని అడిగా. దాన్ని కూడా మోసుకోనే నీళ్లలోకి రాక్కా అన్నాడు.

ఆగస్టు 4, ఆదివారం

టీవీఎస్‌ను కాలువ గట్టు దాకా తోసుకుంటూ పోయా. స్టాండ్ వేసి నిలబెట్టా. మునిగా. లేచాక ముందు గట్టు వైపే చూశా.

ప్రభువా, ఆయన తనంతట తాను లోపలికి రాడు. బండి కాడే ఉంటాడు. నువ్వే పోయి పిలువు.