నాగప్ప కథను ఇక మార్చి పాడను

ఇసుక గుంత మరణంపై విచారణ జరుపుచున్న అధికారి గారి సముఖమునకు,
తెలకపల్లి మండల బుర్రకథ కళాకారిణి లక్ష్మీదేవమ్మ విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శుక్రవారం జాతరలో నేను చెప్పబోవు కథను నా వాంగ్మూలముగా నమోదు చేయుట గురించి.

1. నాగప్ప ఇరవై ఏళ్లు నా పక్కన డక్కీ వాయించిన వంతగాడు. కథలు లేని రోజుల్లో మేమిద్దరం వాగులో ఇసుక ఎత్తే కూలికి పోయేవాళ్లం. గత వేసవిలో యంత్రం కింద తవ్వుతుండగా గట్టు విరిగి అతని మీద పడినది. నేను ఎంత అరిచినా గుత్తేదారు మధుసూదన్ గారు యంత్రం ఆపనివ్వలేదు. తర్వాత శవాన్ని మడుగులో వేసి, తాగి పడ్డాడని కాగితం రాయించినారు.

2. ఆ సంగతి కథగా కట్టి రెండు ఊళ్లలో చెప్పితిని. మధుసూదన్ గారి మనిషి వెంకటన్న మా ఇంటికి వచ్చి, "అక్కా, తాగి పడ్డడని పాడు. నీ పెనిమిటి దవాఖాన ఖర్చు మేం చూసుకుంటం" అన్నాడు. నా భర్త మద్దిలేటికి కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు నాగర్‌కర్నూల్ పోవలసి యున్నది. ఆటో కిరాయికి తంబుర అమ్మజూపితే ఎవరూ కొనలేదు. ఒప్పుకొంటిని.

3. పొరుగూరిలో అట్లే పాడితిని. మా పక్కింట్లో ఉండే నాగప్ప భార్య సుగుణ ముందు వరుసలోనే ఉన్నది. మధ్యలో లేచి, "వదినా, ఆయన చుక్క ముట్టడని నీకు తెల్వదా?" అని అడిగినది. జనం నవ్వినారు. నేను తందాన అందుకొంటిని. అయ్యా, ఆ నవ్వు నావల్ల వచ్చినది.

4. మద్దిలేటికి ఇది తెలిసి, "గా పైసలతోని నాకు సూది ఏయించకు" అని గోడవైపు తిరిగి పడుకొన్నాడు. సోమవారం దవాఖానకు రాలేదు. బుధవారం కూడా రాలేదు. కాళ్లు ఉబ్బినవి.

5. శుక్రవారం ఉన్నదున్నట్లు చెప్పెదనని వెంకటన్నకు కబురు చేసితిని. "వాగుల గుంతలు ఇంకా పూడ్చలే, అక్కా" అని మాత్రం అన్నాడు.

కావున తమరు ముందు వరుసలో కూర్చుండి, నా కథను ఆసాంతం రాసుకొనుటకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లక్ష్మీదేవమ్మ

తా.క.: ఇది ముగిస్తుండగా వెంకటన్న బండి మా వాకిట్లో ఆగింది. "జాతరకు వేరేటోళ్లను పెట్టినం. నువ్వు జర వాగు దాకా రా, సార్ మాట్లాడ్తడట" అని తలుపు కొడుతున్నాడు. నేను తీయలేదు. శుక్రవారం దాకా ఆగకండి. కథ మొత్తం మూడు కాగితాల్లో రాసి, ఈ అర్జీతో పాటు పెరటి గోడ మీదుగా సుగుణకు అందిస్తున్నాను. చేయి చాచి నిలబడింది. రాగం రాకున్నా ఎవరితోనైనా చదివించండి. పేర్లు మాత్రం మార్చనీయకండి.