నాన్న వదిలిన ఇంటిపేరు

ఆషుయీ, నాయనా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. తేయాకు మొదటి కోత అయింది, నా మోకాళ్ళ నొప్పులూ కాస్త తగ్గాయి. విహారంలో తెల్లవారకముందే లేస్తున్నామన్నావు, చలికి తట్టుకుంటున్నావా? ఆ చప్పిడి తిండితో చిక్కిపోలేదు కదా?

నాన్న ఒప్పుకున్నారా అని అడిగావు. తల్లీ తండ్రీ ఇద్దరూ సరే అంటేనే గాని మీ గురువుగారు నీకు దీక్ష ఇవ్వరని నాకు తెలుసు. అందుకే అంతా వరసగా చెబుతాను, కంగారుపడకు.

నీ ఉత్తరం వినగానే ఇంతెత్తున లేచారు. "ఫాంగ్ అనే ఇంటిపేరు తీసేసి, భిక్షువులందరిలా బుద్ధుడి ఇంటిపేరు పెట్టుకుంటాడా? మీ నాన్నకి నేనేమని మాటిచ్చాను? నేను ఇల్లరికం వచ్చిందే మీ పేరు నిలబెట్టడానికి కదా!" అని నా మీద ఒకటే కేకలు. మర్నాడు నన్ను కూడా లాక్కుని కొండ మీది తావో మతం వాళ్ళ గుడికి వెళ్ళారు. పూజారి లియెన్ గారిని నిలబడే అడిగేశారు.

"మీలో చేరితే ఇంటిపేరు పోదుగా?"

"పోదు. పక్కన మా గురుపరంపర అక్షరం ఒకటి చేరుతుంది, అంతే."

"అయితే మావాణ్ణి మీరే చేర్చుకోండి. ఇంతకీ మీకెన్నేళ్ళు?"

నేను నాలుక్కరుచుకున్నాను. భిక్షువుని ఇంటిపేరు, తావో పూజారిని వయసు అడగకూడదని పసిపిల్లలకీ తెలుసు! ఆయన నవ్వేసి, "బుద్ధుడి దగ్గరికి పోతానన్నవాణ్ణి నేను చెయ్యి పట్టుకు లాగనా? ఇంటికెళ్ళి ఇంత టీ తాగవయ్యా," అన్నారు.

దారిలో నాకు ఒళ్ళు మండింది. "ఇంటిపేరు పోతే మనిషి పోతాడా? మీరూ నింగ్ అన్న ఇంటిపేరు వదిలేసే వచ్చారుగా, ఏమైపోయారు?" అనేశాను.

మీ నాన్న ఆగిపోయారు. "మా అమ్మ సమాధి రాయి మీద నింగ్ వారి కొడుకుల పేర్లన్నీ చెక్కించారు. నాది లేదు. ఆ రోజు ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు నాకు. వాడికా గతి పట్టకూడదు," అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నడూ నాతో అనలేదురా. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక నెమ్మదిగా చెప్పాను. "వాడు ఒంటరివాడైపోడండీ. ఒకే గురువు శిష్యులందరికీ పేరులో మొదటి అక్షరం ఒకటేనట, సొంత అన్నదమ్ములకి పెట్టినట్టు. ఏ రాయి మీద చెక్కినా వరసలోనే ఉంటాడు."

చివరికి ఆయన, "సరే, దీక్షకి ఇద్దరం వస్తున్నామని రాసెయ్," అన్నారు.

తోటకి బయల్దేరినవారు మళ్ళీ గుమ్మం దగ్గర ఆగారు. "ఆ రెండో అక్షరం గురువుగారు ఇంకా అనుకోలేదేమో. వీలైతే 'నింగ్' పెట్టమని అడగమను. నేనన్నానని మాత్రం రాయకు."

రాసేశాను.

ఇట్లు,
ఇంకొన్నాళ్ళే నిన్ను ఆషుయీ అని పిలుచుకోగలిగే
మీ అమ్మ