మడ్‌గార్డులు కోసిన జీపు

బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి ఓబులేసు తండ్రి నమస్కారం చేసి రాసేది.

నిన్న ఆలూరు రోడ్డులో మీరు పట్టుకున్న జీపు మావాడిదే. సర్పంచికి నిలబడినాడు కదా, గొప్పగా కనబడాలని పెద్ద టైర్లు వేయించినాడు. బండి తిప్పితే చాలు, అవి మడ్‌గార్డులకు రాసుకునేవి. "చిన్న టైర్లే ఎయ్యప్పా" అన్నాను. "నీకేం తెల్సు నాయనా, టైరు చిన్నదైతే మనిషీ చిన్నోడైపోతాడు" అని, కమ్మరి తిమ్మన్నతో మడ్‌గార్డులే కోయించినాడు. రాసుకోవడం ఆగింది, అబద్ధం చెప్పను.

మొన్న వాన పడింది. మాది నల్లరేగడి. ఆ జీపులోనే వీధి వీధి తిరిగి ఓట్లు అడిగినాడు. ఎన్నికల్లో అందరూ ఎదుటివాడి మీద బురద చల్లుతారు. మావాడు ఓటేసేవాళ్ల మీద చల్లి వచ్చినాడు. వాళ్లమ్మ రామేశ్వరమ్మ తన కోక చూపించి, "నా ఓటు అవతలోనికే" అంటాంది.

జీపు విడిచిపెట్టమని మీకు రాయమన్నాడు. నేను రాసేది వేరే. పోలింగు అయ్యేదాకా దాన్ని మీ దగ్గరే ఉంచండి. నడిచిపోయి అడిగితే గెలిచినా గెలుస్తాడు.

ఇట్లు,
నడిచే రెండుసార్లు గెలిచిన మాజీ సర్పంచి