చందమామలకు వేసిన దండ

ఆగస్టు 6, 2024
నా పేరు నడకుదుటి రావమ్మ. వయసు డెబ్బై నాలుగు. మచిలీపట్నంలో మా మరిది కొడుకు ఈశ్వరప్రసాద్, వాడి పెళ్లాం సుమతి, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. వాడు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నాకు చదువు రాదు. పక్కింటి కోటిలింగం గారు రాస్తున్నారు. తిట్లు తీసేస్తానన్నారు. తీస్తే వేలిముద్ర వెయ్యనన్నాను.

నిన్న శుక్లాల ఆపరేషన్ కట్టు విప్పారు. ఇంటికి రాగానే నా పిల్లల ఫొటో చూసుకున్నాను. డెబ్బై ఏడు ఉప్పెనలో, దివిసీమలో, నలుగురూ పోయారు. ఆ ఫొటో ఒక్కటే బురదలో దొరికింది. మొహాలు చెరిగిపోయి నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి. చిన్నదాని పాదం మాత్రం తెలిసేది. రోజూ బొట్టు పెట్టి దండ వేస్తాను.

ఫ్రేము నాదే. లోపలిది నాది కాదు. నల్లటి దాని మీద నాలుగు మచ్చలు. పాదం లేదు.

ఆగస్టు 7
సుమతి ఒప్పుకుంది. ఉగాదికి ముందు కాలేజీ వాళ్లు ఇంటికొస్తుంటే, వాళ్లకి చూపించే ఈ బొమ్మకి ఫ్రేము కావాల్సొచ్చిందట. అందులో మరకలే కదా పెద్దత్తయ్యా, మీకెలాగూ కనపడదనుకున్నాను అంది. పాతది చెత్తబండిలో వేసిందట.

సాయంత్రం
ఆ బొమ్మలో మచ్చలు చందమామలట. ప్లూటో అని ఎక్కడో ఉందట. దాన్ని గ్రహాల్లోంచి తీసేసి మరుగుజ్జు గ్రహం అన్నారట. దాని చుట్టూ తిరిగే బుల్లి చందమామల్ని మిషను తొమ్మిదేళ్లు వెళ్లి ఫొటో తీసిందట. ఈ మాత్రం రావడమే గొప్ప పెద్దమ్మా అని ఈశ్వరప్రసాద్ నాకు పాఠం చెప్పాడు. ఆ రాళ్ల దగ్గరికి ఇంకో మిషను పంపుకుంటారు, నా పిల్లల దగ్గరికి ఎవర్ని పంపుతావురా అన్నాను. కంప్యూటర్లో అలాంటి మచ్చలే చేసిస్తాను, ఇన్నాళ్లూ తేడా తెలియలేదుగా అన్నాడు.

ఆగస్టు 9
కోటిలింగం గారు సర్దుకుపొమ్మన్నారు. అది కూడా రాయమన్నాను.

ఆగస్టు 12
చందమామల్ని దింపాను. ఆ మేకుకి ఈశ్వరప్రసాద్ సన్మానం ఫొటో తగిలించాను. శాలువాతో నవ్వుతున్నాడు. బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించాను.

సుమతి గరిట వదిలేసి వచ్చి నా కాళ్లు పట్టుకుంది. బతికున్న మనిషికి దండేంటి పెద్దత్తయ్యా అంది. తేడా తెలియదన్నది నీ మొగుడే కదమ్మా అన్నాను. నా పిల్లల ఫొటో తెచ్చివ్వండి, తీసేస్తాను అన్నాను.

ఆగస్టు 14
ఇద్దరూ ఊరవతల చెత్తకుప్పలన్నీ వెతికొచ్చారు. వట్టి చేతులు. లెక్చరర్ గారికి మోకాళ్ల దాకా కంపు.

ఆగస్టు 19
ఈశ్వరప్రసాద్‌కి డెంగ్యూ. సుమతి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

వాడిన దండ తీసి కొత్తది వేశాను.

రావమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: కోటిలింగం, రాసినవాడు. నాగబాబు, పూలు తెచ్చినవాడు. సుమతి సంతకం పెట్టనంది.