రెండో రకం తుపాకీ

అశోక్‌నగర్, హైదరాబాదు,
18-8-1994.

చిరంజీవి సౌభాగ్యవతి మహితకు అన్నయ్య దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాము. అక్కడ నువ్వూ బావా క్షేమమని తలుస్తాను.

అమ్మ వేళకు తింటోందా అని అడిగావు. తింటోంది. నేనూ తింటున్నాను, ఆఫీసుకు వెళ్ళొస్తున్నాను. నాన్న పోయి నెల దాటినా నాకింకా ఏడుపు రాలేదు.

నాన్న తుపాకీ ఏం చేశారని అడిగావు. లైసెన్సు ఆయన పేరున ఉంది కనుక ఇంట్లో ఉంచకూడదట. నిన్న నారాయణగూడలో తుపాకుల దుకాణంలో అప్పగించాను. రసీదులో ఏ రకమో రాయాలని, అక్కడ మరమ్మతులు చేసే దాసయ్య దాన్ని బల్లమీద పెట్టి చూశాడు. జంట గొట్టాల మీది నంబరూ, వాటి కింది ఇనుము మీది నంబరూ ఒకటే.

"అసలు ఇంగ్లండ్ మాలే సార్," అన్నాడు. తర్వాత తుపాకీ పక్కభాగానికి బిగించిన నగిషీ రేకు మర విప్పి చూపించాడు. దాని వెనక ఏమీ లేదు.

"మేలు రకమైతే గుండు పేల్చే మిషినంత గీ రేకుకే బిగించి ఉంటది. దీనికి నడుమ ఇనుప డబ్బాల ఉన్నది. రేకులు ఉత్త సోకుకు. రెండో రకం. అయినా మంచి తుపాకే."

ఆరేళ్ళ కిందట మన వరండాలో బావ అన్నదీ ఇదే. "ఈ రేకులు అలంకారానికేనేమో మామయ్యగారూ," అన్నాడు. జమీందారు మెచ్చి ఇచ్చిన మేలు రకమని ఊరంతా చెప్పుకున్న నాన్న, తనను అబద్ధాలకోరు అన్నట్టు మండిపడ్డారు. నావైపు తిరిగి, "నువ్వు చెప్పరా, ఇది మేలు రకమా కాదా?" అన్నారు.

"మేలు రకమే నాన్నా," అన్నాను. బావ లేచి వెళ్ళిపోయాడు. వెనకే నువ్వూ వెళ్ళావు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

దాసయ్య రేకు బిగిస్తూ నా మొహం చూసి, "సాఫ్ చేయనీకి తెచ్చినప్పుడే గిదంత చూపించిన గద సార్. ఏడేండ్లాయె. మర్చిపోయిన్రా?" అన్నాడు.

మర్చిపోలేదు మహితా. ఆ రోజు వరండాలో నాకు నిజం తెలుసు.

నాన్న చివర్లో మిమ్మల్ని తలచుకున్నారా అని అడిగావు. ఆసుపత్రిలో రోజూ, "అతను తప్పయిందని ఒక్క మాటంటే చాలురా, వాళ్ళని పిలుద్దాం," అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. ఒక్క రోజైనా నోరు విప్పలేదు.

ఇప్పుడూ ఈ ఇంటికి రాకూడదనుకుంటే రాకు. ఈ ఉత్తరం మాత్రం బావకు చదివి వినిపించు.

ఇట్లు,
మీ అన్నయ్య,
సుధీంద్ర.